కరువు చూసిన గొర్రె

మొన్న మార్కాపురంలో కళ్ల డాక్టరు దగ్గరికి పోయి, తిరిగొస్తూ ఆటో కోసం పలకల ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడ్డాను. చుక్కల మందు వేసిన కళ్లు ఎండకు సరిగా తెరుచుకోవడం లేదు. అయినా ఎదురుగా ఒక మేక వెనక కాళ్ల మీద లేచి, గోడకు అంటించిన సినిమా పోస్టరును ఒలుచుకుని నములుతుండటం మాత్రం కనిపించింది. కాగితం కోసం తింటోందో, దాని వెనకున్న మైదాపిండి జిగురు కోసం తింటోందో దానికే తెలియాలి. చుట్టూ పగిలిన రాళ్ల గుట్టలే తప్ప పచ్చని ఆకు ఒక్కటి లేదు, అది మాత్రం నిగనిగలాడుతోంది. ఈ మధ్య నాకు దేని మీదా ఆసక్తి నిలవడం లేదు, కూర్చుంటే లేవబుద్ధి కాదు. అలాంటిది ఆటో వచ్చి పోతున్నా కదలకుండా దాన్నే చూస్తూ నిలబడిపోయాను. మా మంద గుర్తొచ్చింది.

మాది అర్ధవీడు దగ్గర కొండవార పల్లె. నాలుగు చెక్కల మెట్ట చేను ఉండేది గాని, మమ్మల్ని బతికించింది గొర్రెలే. మన ఈడువాళ్లకు ఆ గొర్రెలు ఎలా ఉండేవో చెప్పనక్కర్లేదు, పొడుగు కాళ్లు, ఒంటికి అంటుకున్న పొట్టి వెంట్రుకలు, పక్కటెముకలు బయటికి కనిపించే బక్క ఒళ్లు. పామూరు వైపు నుంచి వచ్చే చుట్టాలు వీటికి మేత పెట్టరా ఏమిటని ఎగతాళి చేసేవాళ్లు. ఆ బక్కతనం లేకపోతే అవి మా ఎండలో ఆ రాళ్ల మీద పొద్దంతా నడవగలిగేవే కావు. కింద రాలిన తుమ్మకాయలు, ముళ్ల మధ్య రేగాకు, ఏది దొరికితే అది తిని నెమరు వేసుకునేవి. చెట్లు మాత్రం తక్కువ తిన్నాయా, కొండమీద సగం చెట్లు ఎండలు ముదరగానే ఆకంతా రాల్చేసి చచ్చినట్టు నిలబడేవి, చినుకు పడగానే లేచేవి. తంగేడునైతే ఏ జీవమూ ముట్టేది కాదు, అందుకే అది కరువులో కూడా పచ్చగా పూలు పూసేది. నేను ఆడపిల్లనైనా బడికి పోయింది తక్కువ, మంద వెంట తిరిగింది ఎక్కువ కాబట్టి, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే కళ్లబడేవి.

ఏటా ఎండాకాలం మందను కొండకు తోలుకుపోయి, తొలకరి దాకా అక్కడే ఉండటం మా ఇళ్లలో ఆనవాయితీ. కింది మడుగు ఎండితే పై మడుగుకు, అదీ ఎండితే ఇంకా పైకి పోవాలి. ముందు ఒక చెవి చిరిగిన ముసలి గొర్రె నడిచేది, దాని వెనక మంద, అన్నిటికీ వెనక కర్ర పట్టుకుని నాయన నడిచేవాడు.

వరసగా రెండేళ్లు వానలు పడక కరువు ముదిరిన ఏడు ఒకటి వచ్చింది. అంతకుముందే మా చిన్నాయన కుటుంబం మందను పోగొట్టుకుని కూలికి వలస పోయి, మళ్లీ ఊరి ముఖం చూడలేదు. మాకూ అదే గతి పడుతుందని అమ్మ దిగులుపడేది. కొండకు పోయే ముందు నాయన బేరగాణ్ణి పిలిచి ముసలి గొర్రెలన్నీ అమ్మేశాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, పళ్లరిగిన గొర్రె ఎండు కంప నమలలేదు, ఇక ఈనదు, దారిలోనే పడిపోతుంది, పడుచువి ఉంటే మంద మళ్లీ పెరుగుతుంది. గొర్రెల ఇళ్లలో ఎవరైనా అదే చేస్తారు. నాయన తల్లి, మా అవ్వ ఒక్కతే అడ్డం పడింది. చెవి చిరిగినదాని తాడు పట్టుకుని, "ఇది కరువు చూసిన గొర్రెరా, దీన్ని అమ్మొద్దు" అనింది. పాత కరువులో అది తల్లి వెనకాల నడిచిన పిల్ల అట. నాయన విసుక్కుని, కరువు చూసినందుకే దానికి పళ్లు లేవని చెప్పి, తాడు బేరగాడి చేతికిచ్చినాడు.

చిన్నవాడైన తమ్ముణ్ణి అవ్వ దగ్గర వదిలి, అమ్మా, నాయనా, నేనూ మందతో కొండెక్కాము. కింది మడుగు ఎండిపోయింది, పై మడుగులో బురద కూడా లేదు. అక్కడికి వచ్చి మంద ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఒకటి తల పెట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డాయి. నాయన అదిలించాడు, కర్రతో పొడిచాడు, ముందున్నదాని మెడ పట్టుకుని ఈడ్చాడు. పైన ఎక్కడో రాతిలో నీళ్లు నిలిచే దొన ఒకటి ఉందని, అంతకుముందు ఒకటి రెండుసార్లు అక్కడ మంద నీళ్లు తాగిందని ఆయనకు తెలుసు. కానీ ఆకు రాలిన కొండలో ఏ లోయ చూసినా ఒకటే మాదిరి ఉంది. ఒకదాంట్లో దిగి వట్టి చేతులతో తిరిగొచ్చాడు, ఇంకోదాంట్లోనూ అంతే. మర్నాటికి గొర్రెపిల్లలు పడిపోవడం మొదలైంది. వాటిని ఎత్తి నీడలో పెట్టడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. నాలుక బయటపెట్టి నా చెయ్యి నాకిన ఒక పిల్ల ఒళ్లోనే చల్లబడింది, ఆ బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

పొద్దు వాలేటప్పుడు అమ్మే చూసింది, గువ్వలన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయని. గింజలు తినే పిట్ట నీళ్లు తాగకుండా పడుకోదని ఆమె నమ్మకం. ఆ దిక్కు పట్టుకుని, నడవగలిగినవాటిని నెట్టుకుంటూ, లేనివాటిని భుజానేసుకుంటూ, బండల మధ్య ఎక్కాము. దొన దొరికింది. లోపల నీళ్లు నల్లగా, చల్లగా ఉన్నాయి. అంచు రాయి నున్నగా అరిగి ఉంది, ఎన్ని తరాల గొర్రెలు మెడ ఆనించి తాగితే అట్లా అరుగుతుందో. సగానికి పైగా మంద దక్కింది. నాయన తాగలేదు, ఆ రాయిని చేత్తో తడుముతూ చాలాసేపు కూర్చుని, అమ్మతో అన్నాడు. "ఇన్నేండ్లూ నేనే మందను తోలుతాండాననుకున్నా. ఆ చెవి చిరిగినదే నన్ను తోలుకొచ్చినాది."

ఆ తర్వాత ఆయన బతికి ఉన్నంతకాలం ముసలి గొర్రెను అమ్మలేదు. నడవలేనిదాన్ని సైతం కొండ దాకా మోసుకుపోయేవాడు. ఊళ్లో నవ్వేవాళ్లు, నవ్వుకోనీ అనేవాడు.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు షెడ్డు కట్టి గొర్రెలు పెంచుతున్నాడు. దాణా, బోరు నీళ్లు, సూదులు అన్నీ వేళకు అందుతాయి, ఒళ్లు చేయగానే బండెక్కి పోతాయి. తలుపు తీసినా అవి బయటికి రావు. వాటిని తప్పు పట్టను, ఉన్నచోట బతకడానికి ఏది కావాలో అవి అది నేర్చుకున్నాయి, అంతే. వాడు మంచివాడు, పోయినప్పుడల్లా కుర్చీ వేసి కూర్చోబెడతాడు, కాఫీ ఇస్తాడు. ఒకసారి దొన సంగతి ఎత్తితే, ఇప్పుడు అక్కడికి ఎవరు పోతారు అత్తా అన్నాడు. నిజమే, ఎవరు పోతారు. నాయన పోయాడు, అమ్మ పోయింది, తమ్ముడూ పోయాడు. ఆ దారి తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే, నా వెనక నడవాల్సిన మంద మాత్రం లేదు.