పోయొస్త అనాలె

"అత్తమ్మ పోయింది" అని వదిన ఫోన్లో అంటే నేను "ఎక్కడికి?" అని అడిగాను.

మా గుంటూరు వైపు పెద్దవాళ్ళు ఎక్కడికైనా వెళ్తారు, పోయారంటే చనిపోయారనే. చిక్కడపల్లిలోని వదిన వాళ్ళ ఇంట్లో అందరూ పోతారు. కూరగాయలకు పోతారు, గుడికి పోతారు, బర్కత్‌పురలో చుట్టాలింటికి పోతారు. ఏళ్ళ తరబడి విని నా చెవి ఆ మాటకు అలవాటు పడిపోయింది. అవతల వదిన వెక్కిళ్ళు వినిపించాక గానీ నాకు అర్థం కాలేదు. పొద్దున స్నానానికని లేచి, ఛాతీ పట్టుకుని మంచం మీద కూర్చుందట. అంతే. పక్క గదిలో ఉన్న కోడలిని కూడా పిలవలేదట.

ఆవిడ మా ఇంటి ఓనరమ్మ. చుట్టరికం ఏమీ లేదు. 2009లో నేను డిగ్రీ చదవడానికి హైదరాబాద్ వచ్చి, లైబ్రరీ వెనక సందులో వాళ్ళ మేడ మీది గదిలో దిగాను. దిగిన రోజే "ఓనరమ్మ ఏంది, పెద్దమ్మ అను" అంది. వదిన అంటే ఆవిడ కోడలే.

నాకు మెడిసిన్ సీటు రాలేదు. దొరికింది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇవ్వడం నేర్పే కోర్సు. ఆ సంగతి చెబితే పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "అంటే కరెంటు పెడతరు సూడు, గదేనా?" అంది. మనవాళ్ళందరూ అనే మాటే అది. కరెంటు కాదు, షాక్ కొట్టదు, ఎక్స్‌రే లాంటిదే, కాకపోతే చాలా బలమైనది అని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. వారం తిరక్కుండా సందంతా నన్ను కరెంటు పిల్ల అనడం మొదలుపెట్టింది. ఎదురింటాయన వచ్చి వాళ్ళింట్లో ఫ్యూజు పోయింది, జర చూడమన్నాడు. గేటు దగ్గర గంగవాయిలి కూర ఏరుతున్న పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అప్పట్లో పక్కనున్న అశోక్‌నగర్ నిండా సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలే. ఏమవుతావని అడిగితే వాళ్ళు ఒక్క మాటలో చెప్పేవాళ్ళు. నా సంగతి అలా కాదు. డాక్టరువా అంటే కాదు, నర్సువా అంటే కాదు. మా నాన్న కూడా ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న. మొదటి ఏడాది మానేసి ఇంటికి పోదామని చాలాసార్లు అనుకున్నాను.

మానలేదంటే అందులో పెద్దమ్మ దివాన్‌కు కూడా వాటా ఉంది. మా చదువులో సగం, రోగిని కదలకుండా, రోజూ ఒకే తీరుగా పడుకోబెట్టడమే. ఒంటి మీద సిరాతో పెట్టిన గుర్తుల మీదికి గోడల నుంచి వచ్చే వెలుతురు గీతలు సరిగ్గా పడాలి. మధ్యాహ్నం పనులయ్యాక ఆవిడను దివాన్ మీద పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టించి, టార్చిలైటు పట్టుకుని నేను సాధన చేసేదాన్ని. ఆవిడ ఓపిగ్గా పడుకునేది గానీ ఊరుకునేది కాదు.

"సల్లగున్నయే నీ చేతులు! జర రుద్దుకొని ముట్టు. ముట్టే ముందు చెప్పు."

ఇప్పటికీ మనిషిని తాకే ముందు అరచేతులు రుద్దుకుంటాను. ఆవిడ నేర్పిందే.

ఆ ఇంట్లో ఇంకో కట్టడి ఉండేది. పొద్దున నారాయణగూడ చౌరస్తాలో బస్సు పట్టుకోవాలని మెట్లు దిగుతూ "పెద్దమ్మా, వెళ్తున్నా" అంటే గేటు తీయనిచ్చేది కాదు.

"మల్ల చెప్పు."

"వెళ్ళొస్తా."

"ఆఁ, జల్ది రా."

మీ ఇళ్ళల్లోనూ ఇది ఉండే ఉంటుంది. అయితే ఈవిడది మరీ విడ్డూరం. బంద్ రోజుల్లో బస్సుల్లేక ఇంట్లోనే ఉండి, సందు చివరకు కొత్తిమీర కోసం వెళ్ళినా ఆ మాట అనాల్సిందే. చాదస్తం అనుకునేదాన్ని.

నా ఆఖరి సంవత్సరంలో పెద్దమ్మకు రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది. తర్వాత రేడియేషన్ అన్నారు. నేను శిక్షణలో ఉన్న ఆసుపత్రిలోనే. "మా కరెంటు పిల్ల ఉంది, నాకేం బుగులు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

మొదటి రోజు మా సీనియర్ అన్నతో కలిసి నేనే పడుకోబెట్టాను. చేతులు రుద్దుకున్నాను. గుర్తులు సరిగ్గా కలిశాయి. మెషిన్ నడిచేటప్పుడు ఆ గదిలో రోగి తప్ప ఎవరూ ఉండకూడదు. మేం బయట నిలబడి తెరమీద చూస్తుంటాం. కాబట్టి క్లాసులో నేర్పినట్టే స్పష్టంగా, "కదలకండి, మేం వెళ్తున్నాం" అని చెప్పి బయటికి వచ్చాం. బరువైన తలుపు మూసుకుంది.

తెరమీద చూస్తే పెద్దమ్మ లేచి కూర్చుంది. అన్న మైకులో బతిమాలాడు. వినలేదు. తలుపు తీసేసరికి కొంగు కప్పుకుని, దిగడానికి కాలు చాస్తోంది. ఆ రోజుకు ట్రీట్‌మెంట్ లేదు. మర్నాటి నుంచి రానేరానంది. డాక్టరు గారు నన్ను పిలిచి, ఇది తీసుకోకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది, ఎలాగైనా ఒప్పించమన్నారు.

సాయంత్రం దివాన్ పక్కన నేల మీద కూర్చుని, షాక్ కొట్టదని మళ్ళీ మొదటి నుంచీ చెప్పబోయాను.

"షాక్ సంగతి ఎవలడిగిన్రే?" అంది. "మీ పెదనాయనను ఆపరేషన్‌కు తీస్కపోతుంటే, పోతున్న అన్నడు నాతోని. గంతే అన్నడు. తలుపు మూసిన్రు. మల్ల రాలె." "నన్నొక్కదాన్నే పండవెట్టి నువ్వు గదే మాట అన్నవ్. పోయొస్త అనాలె గద బిడ్డా!" అంది.

నాకు ఏడుపొచ్చింది. మూడేళ్ళుగా గేటు దగ్గర ఆవిడ నాతో చెప్పించుకున్నది నా కోసం కాదని అప్పుడు తెలిసింది.

మర్నాడు వచ్చింది. పడుకోబెట్టాక చెవి దగ్గరికి వంగి, "వెళ్ళొస్తా పెద్దమ్మా" అన్నాను. "జల్ది రా" అంది, కళ్ళు మూసుకుని. వారాల తరబడి అలాగే సాగింది. ఒంటి మీది గుర్తులు చెరిగిపోతాయని, పండగ పూట కూడా నలుగు పెట్టుకోనంది. ఆఖరి రోజు మెషిన్‌కు దండం పెట్టి, అన్న తల నిమిరి, ఇంటికి వచ్చి సందంతా తిరిగి, "కరెంటు గాదు, అదేం సుర్రుమనది" అని తానే పాఠం చెప్పింది. జబ్బు మళ్ళీ రాలేదు. చివరికి తీసుకెళ్ళింది గుండె.

నాకు ఉద్యోగం వచ్చి గది ఖాళీ చేశాక కూడా ఆ గడప తొక్కుతూనే ఉన్నాను. ఎప్పుడు బయల్దేరినా సందు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడేది.

మొన్న చివరి చూపు చూసి, వదినను పట్టుకుని ఏడ్చి, లేచి అలవాటుగా "వెళ్..." అనబోయాను. పక్కన కూర్చున్న ఒక ముసలావిడ చప్పున నా చెయ్యి నొక్కింది. నిజమే, చావింట్లో ఆ మాట అనకూడదు. చెప్పకుండానే లేచి రావాలి. ఆ గేటు నోరు మూసుకుని దాటడం నాకు అదే మొదటిసారి. చెప్పకుండా వెళ్ళిపోయినందుకు పెద్దమ్మ మీద కోపం కూడా వచ్చింది.

మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. కొత్త పేషెంటు, పెద్ద వయసావిడ, తోడు వచ్చిన కొడుకు బయట ఉన్నాడు. అరచేతులు రుద్దుకున్నాను. చెప్పి తాకాను. గుర్తులు కలిశాక వంగి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాను. ఆ మాట ఎవరు నేర్పారో ఆవిడకు తెలియదు.

కదలొద్దని చెప్పాను కదా, ఆవిడ తల కదపలేదు. కళ్ళతోనే నన్ను తలుపు దాకా సాగనంపింది.