లక్క తీసిన తూకం

మా ముత్తాత ఓబుళరెడ్డి జమ్మలమడుగు తాలూకాలో గ్రామ మునసబు. నీళ్ల తగాదా తీర్చి ఆయన తుండు భుజాన వేసుకున్నాడంటే రెండు పక్షాలవాళ్లూ మారు మాట లేకుండా లేచి వెళ్లేవారట. మా తాత తిమ్మారెడ్డి తాలూకా బోర్డు మెంబరు. పులివెందుల పక్కన ఆయన పెట్టించిన చీనీ బత్తాయి తోటను చూడడానికి దూరం నుంచి రైతులు బండ్లు కట్టుకుని వచ్చేవారు. మా ఊళ్లో దేవుడి మాన్యాన్ని కౌలుకు వేలం వేసేటప్పుడు తాత ఒక మాట పలికితే అదే ఆఖరి పాట. ఆ పైన పాడడం మర్యాద కాదని అందరూ ఊరుకునేవారు. నాన్న కాలంలో వరసగా వానలు తప్పాయి, బోర్లు ఎండిపోయాయి, తోట చేతులు మారింది. నా దాకా వచ్చేసరికి ఇంటిపేరు, నాయనమ్మ, అంటే మా జేజి, కట్టుకున్న బంగారు వడ్డాణం, ఎవరి ముందూ వంగని నడుము మిగిలాయి.

ఈ పొద్దున ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో పోతుంటే కుంపటి మీద కాగుతున్న లక్క వాసన వచ్చింది. కాస్త తీపి, కాస్త కమురు. ఆ వాసనకు ఎవరికైనా నగలు గుర్తుకు రావాలి. నాకు పేక ముక్కలు గుర్తుకొస్తాయి. పదమూడు ముక్కల్ని విసనకర్రలా విప్పి పట్టుకుని, కళ్లద్దాల పైనుంచి నన్ను చూస్తున్న సుబ్బరత్నం శెట్టిగారు గుర్తుకొస్తారు.

ఆయన అంగట్లో నేను పనికి చేరింది అవసరం కొద్దీ. జమ్మలమడుగు వైపు రైతులు పెళ్లినగలు కొనడానికి వస్తే అక్కడ తిమ్మారెడ్డి మనుమడు కూర్చుని ఉండడం వ్యాపారానికి మంచిదని ఆయన నన్ను పెట్టుకున్నారు. ఆ సంగతి దాచలేదు కూడా. "జీతం నీకు, పేరు మీ జేజినాయనది. రెండింటినీ కలపొద్దు రెడ్డీ" అన్నారు మొదటి రోజే. అంగట్లో అందరూ తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటారు. నేను కూర్చోనన్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, గుమాస్తాను పిలిచి టేకు కుర్చీ ఒకటి కొనుక్కురమ్మని పంపారు. అందరికంటే ఎత్తున, ఎవరితోనూ సరిగా మాట్లాడడానికి వీల్లేకుండా, ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆయన్ను "శెట్టీ" అని పిలిచేవాణ్ణి. వయసులో మా నాన్న కంటే పెద్ద మనిషి.

ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసేసి మేడమీద బ్రిడ్జి పేకాట ఆడేవారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆయనకు అబ్బిన ఆట అది. భార్య కామాక్షమ్మగారికి నేర్పారు, పులివెందులలో ఉండే పశువుల డాక్టరు మస్తాన్ సాహెబుకు నేర్పారు. నాలుగో మనిషి చిలమకూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయనకు బదిలీ అయిన వారం శెట్టిగారు నన్ను పైకి పిలిచారు.

"మా ఇంట్లో పేక ముట్టరు" అన్నాను.

"ఈడ దుడ్లు పెట్టి ఆడం రెడ్డీ. పోతే పరువు పోతాది, అంతే" అన్నారు.

"ఆయన కాడ అది శానా ఉండాదంట గదా, కొంచెం పోయినా తెలీదులే" అన్నారు కామాక్షమ్మగారు, ముక్కలు కలుపుతూనే.

అలా కూర్చున్నాను. శెట్టిగారు మొదట నేర్పింది ముక్కల విలువ కట్టడం. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. "కట్ట మొత్తానికి నలభై. నలుగురికీ సమంగా వస్తే తలా పది. నీకు పదమూడు వస్తే నోరు తెరువు. దాన్నే ఓపెనింగు అంటారు. జతగాడి దగ్గర ఆరన్నా ఉంటే వాడు జవాబు చెప్తాడు. ఇద్దరిదీ కలిపి ఇరవై ఆరు అయితే గేము అనే పెద్ద పాట దాకా పోవచ్చు. అంతకు తక్కువుంటే కిందనే ఆగల్ల." ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జత. ఆటకు ముందు నలుగురూ వరసగా ఎన్ని పట్లు పడతామో, ఏ రంగు తురుపో పాడతారు. ముక్కలు చూపించకూడదు, సైగ చేయకూడదు. చేతిలో ఉన్నదంతా ఆ పాటలోనే జతగాడికి తెలియాలి.

పాట అన్న మాట వినగానే నాకు ఈ ఆట పుట్టుకతోనే తెలుసు అనిపించింది. అక్కడే చెడింది.

ఆ నెలలోనే ఒక చేతిలో నాకు ఇస్పేటు రాజు ఒంటిగా వచ్చింది. ఆఠీను రాణీ జాకీ జంటగా ఉన్నాయి, కళావర్లు ఐదు. లెక్క వేస్తే సరిగ్గా పదమూడు. ఒక కళావరు అన్నాను. కామాక్షమ్మగారు పాస్ అన్నారు. నా జత శెట్టిగారూ పాస్ అన్నారు. సాహెబు ఇస్పేటు పాడారు. నేను మళ్లీ పాడాను. కామాక్షమ్మగారు ఇస్పేటు పెంచారు. శెట్టిగారు మళ్లీ పాస్. నా పాట మీద ఒక పశువుల డాక్టరు పాడడమా అని నాకు ఒళ్లు మండింది. వాళ్లు నాలుగు ఇస్పేట్లు అంటే నేను ఐదు కళావర్లు అన్నాను. ఆరు మీద ఐదు, అంటే పదమూడింటిలో పదకొండు పట్లు పట్టాలన్న మాట. కామాక్షమ్మగారు నెమ్మదిగా "డబుల్" అన్నారు, అంటే ఓడితే నష్టం రెట్టింపు. తర్వాత ఇస్పేటు ఆసు వేశారు. దాని కింద నా ఒంటి రాజు పడిపోయింది. తర్వాత ఆఠీను రాజు, ఆసు వరసగా వచ్చి నా రాణిని, జాకీని ఎత్తుకుపోయాయి. ఆ పైన ఇంకో రెండూ పోయి, మొత్తం మూడు పట్లు తక్కువొచ్చాయి.

"యా ఖుదా, ఎద్దుకు సూది ఏసేటప్పుడు గూడా నాకింత తేలిగ్గా దొరకలేదు" అన్నారు సాహెబు, ముక్కలు పోగుచేస్తూ.

"వాళ్లు నా పాట మీద పాడినారు" అన్నాను.

"పాడతారు. వాళ్ల చేతిలో ముక్కలుండాయి" అన్నారు శెట్టిగారు. "మీ జేజినాయన మొగం చూసి ఊరుకునేదానికి ఇదేమన్నా మాన్యం వేలమా? పట్లు పోతే పోయినాయి. నన్నెందుకు నమ్మలేదు నువ్వు? రెండుసార్లు పాస్ అంటి. పాస్ అంటే గమ్మునుండడం కాదప్పా, అదీ మాటే. నా కాడ ఏమీ లేదు, పైకి పోవద్దని నీకు చెప్తాండా."

మరునాడు దువ్వూరు నుంచి ఒక ఆమె మెడలో వేసుకునే పాత అడ్డిగ మార్చుకోవడానికి తెచ్చింది. శెట్టిగారు నన్ను కుర్చీలోంచి లేపి కంసాలి పక్కన నిలబెట్టారు. పాత నగల లోపల గుల్లగా ఉంటుంది, అది నొక్కుకుపోకుండా లక్క నింపుతారు. కంసాలి రాళ్లు ఊడదీశాడు, నగను సెగకు పట్టాడు. లక్క కరిగి నల్లగా పళ్లెంలోకి జారింది. అప్పుడు మిగిలిన దాన్ని కాటాలో వేశాడు. ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. శెట్టిగారు ఆమెకు మజ్జిగ ఇప్పించి నా వైపు తిరిగారు.

"నగలో లక్క ఉండడం తప్పు కాదు. దాన్ని బంగారమని తూకం ఏసేదే తప్పు. నిన్న ఒంటి రాజుకు మూడు కట్టుకుంటివి. తోడు లేని రాజు ఎవురికి రాజప్పా? ఆసు వస్తే తల వంచాల్సిందే. రాజు పక్కన రెండు చిన్న ముక్కలుంటే, ఆసు వచ్చినా వాటిని ముందుకు పంపి నిలబడతాడు. చిన్న ముక్కలని తీసిపారేయొద్దు."

నేను కుర్చీ వైపు చూశాను. తర్వాత ఆదివారం నుంచి ముక్కలు రాగానే రెండు లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను. మొదటిది కంటికి కనపడేది, రెండోది లక్క తీశాక మిగిలేది. ఒకే రంగు ముక్కలు పొడుగ్గా ఉంటే కొంచెం కలపడం, తోడు లేని బొమ్మలకు కొంచెం తీసేయడం అలవాటైంది. జతగాడు పాస్ అంటే వినడం మాత్రం ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ఆట హాయిగా సాగింది. ఎదురుగా కూర్చున్న మనిషి మాటను పూర్తిగా నమ్మి, నా మాటను ఆయన నమ్ముతున్నాడని తెలిసి పాడడంలో ఒక సుఖం ఉంది. మా ఇంట్లో అలాంటి సుఖం ఎవరూ ఎరగరు. మా మాటకు లోబడినవాళ్లు ఎందరో ఉన్నారు కానీ, మాతో జతగా కూర్చున్నవాళ్లు లేరు.

అలా ఉండగా సాహెబు పులివెందుల నుంచి ఒక కబురు తెచ్చారు. మా తాత చీనీ తోటను కొన్నవాళ్లు మూడు చెక్కలుగా విడగొట్టి తోటలోనే వేలం వేస్తున్నారని. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. తోట మొత్తం తిరిగి మాది కావాలి. నాకు పెళ్లయి పిల్లలున్నా, అంతకు మించిన కోరిక ఏదీ లేదు అప్పుడు. అమ్మ వడ్డాణాన్ని పాత పట్టుగుడ్డలో చుట్టి చేతికిచ్చింది. "మీ జేజి ఇది కట్టుకుంటే ఇద్దరు పట్టి లేపల్ల నాయనా. తోటంతా వస్తాది పో" అంది.

దాన్ని అంగట్లోకి తీసుకుపోయి అందరి ముందూ విప్పడానికి నాకు చేతులు రాలేదు. ద్వారం దగ్గరే నిలబడిపోయాను. శెట్టిగారు నా చంకలోని మూటను చూశారు. గుమాస్తాలకు, కంసాలికి వినపడేలా "రెడ్డీ, పైన ముక్కలు సర్దాల, రా" అన్నారు. మేడమీదికి కుంపటి తెప్పించారు. ఎన్నో ఏళ్లుగా తన చేత్తో పని చేయని మనిషి పంచె ఎగగట్టి నేల మీద కూర్చుని, ఊదుగొట్టం పట్టుకున్నారు. వడ్డాణం వెడల్పయిన బిళ్లల లోపలినుంచి లక్క కారింది. కారుతూనే ఉంది. పళ్లెం నిండితే కామాక్షమ్మగారు ఇంకొకటి తెచ్చి పెట్టారు. నేనూ నేల మీదే కూర్చుని ఉన్నానని అప్పుడు గమనించాను.

కాటాలో వేసి ఆయన పక్కకు జరిగారు. "నేను చెప్పను. నువ్వే చూడు."

చూశాను. మా ఊరు తరతరాలుగా చెప్పుకున్న బరువులో సగానికి పైగా లక్కే.

"మా వాళ్లకు తెలుసంటావా?" అని అడిగాను.

"చేయించినాయనకు తెలుసు. కట్టుకున్నామెకు నడుము నొప్పి తప్ప ఇంకేం తెలుస్తాది?" అన్నారు. కామాక్షమ్మగారు నవ్వు ఆపుకోలేకపోయారు. చిత్రంగా నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆయన అన్నారు: "నీకు ఓపెనింగు ఉండాది రెడ్డీ. గేము లేదు. యాడ ఆగల్లో ఇప్పుడే, ఈడనే అనుకో. ఆడ గుంపులో నిలబడి అనుకోవద్దు."

వేలం రోజు పొద్దున సాహెబు నా పక్కనే నిలబడ్డారు. చీనీ ఆకుల వాసన, కాళ్లకింద ఎర్రమట్టి, ట్రాక్టర్ల మీద కూర్చున్న మనుషులు. మొదటి చెక్క రోడ్డు పక్కది. నేను రెండు పాటలు పాడాను. కంకర కాంట్రాక్టరు ఒకాయన నా మీద పాడాడు. ముసలి రైతు ఒకాయన గుంపులోంచి అన్నాడు: "తిమ్మారెడ్డి మనవడప్పా ఆయన. ఆ కాలంలో ఆయన పలికితే ఆడికి సరి."

కాంట్రాక్టరు నవ్వి ఇంకా పైకి పోయాడు. "ఏం రెడ్డీ, మీ జేజినాయన గొంతు మీకు రాలేదా?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నడుము నిటారుగానే ఉంది. నోరు తెరిచాను.

"పాస్" అన్నాను, పైకే.

"ఏందీ?" అన్నాడు వేలం వేసేవాడు.

"ఆయన మాట ఆయన చెప్పినాడు. నువ్వు కానీ" అన్నారు సాహెబు.

రెండో చెక్కకు నోరు విప్పలేదు. మూడోది లోపలికి ఉన్న బావి వైపు చెక్క. దారి సరిగా లేదు, చెట్లు ముసలివి. కాంట్రాక్టరు అప్పటికే సంతకం చేయడానికి వెళ్లిపోయాడు. మేడమీద ఆగాలనుకున్న మొత్తానికి కొంచెం ఇవతలే అది నాకు దక్కింది. తాత దించిన బావి అది. సాయంత్రం ప్రొద్దుటూరు చేరి అంగడి మెట్లెక్కగానే శెట్టిగారు లేచి నిలబడ్డారు. "ఏమయిందప్పా?"

"పాస్ అన్నాను మామా. తర్వాత చిన్న పాట ఒకటి పాడి పట్లు పట్టుకొచ్చినా" అన్నాను. మామా అన్నది ఆయనకంటే ముందు నాకే వినపడింది. ఆయన పరుపు మీద పక్కకు జరిగి చోటు ఇచ్చారు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఆదివారాలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు నా జత కామాక్షమ్మగారు. నేను ఎక్కువ పాడబోతే కళ్లద్దాలు సర్దుకుని, "లక్క తీసినావా?" అంటారు. అందరికీ వినపడేలానే అంటారు, ఆటలో అది తప్పని తెలిసీ అంటారు. పెళ్లిచూపుల్లో మా అబ్బాయి గురించి చెప్పేటప్పుడు, ఊళ్లో నన్ను పెద్దమనిషిగా పిలిచినప్పుడు, అద్దంలో చూసుకున్నప్పుడు కూడా ఆ రెండో లెక్క వేసుకుంటాను. ఎప్పుడూ మొదటిదానికంటే తక్కువే వస్తుంది. అయినా ఓపెనింగుకు సరిపోతుంది. నడుము మాత్రం ఇప్పటికీ వంగదు. పరుపు మీద కూర్చున్నా నిటారుగానే కూర్చుంటాను.

వడ్డాణాన్ని శెట్టిగారి అంగట్లోనే అమ్మాను. టేకు కుర్చీని వేలం తర్వాత వచ్చిన ఎండాకాలంలో పాతసామాన్ల బండికి అమ్మేశాం.