ఊరికి పోతున్నానని అందరూ అనుకున్నారు

సహోదరులారా, సహోదరీలారా, ప్రతివారం ఈ హాల్లో మూలన కూర్చుని డోలక్ వాయించే దేవదానాన్ని నేను. నన్ను చూసి చూసి మీకు అలవాటైపోయింది కాబట్టి, వీడికేం బాధలుంటాయిలే అనుకుని ఉంటారు. కానీ కొన్నేళ్ల కిందట ఇదే మూలన కూర్చుని, పాటకు ఒక్క దెబ్బ కూడా తప్పకుండా తాళం వేస్తూ, నేను చనిపోవాలని నిర్ణయించుకుని ఉన్నాను! వాయించేవాడి చేతులు చూస్తారు గానీ ముఖం ఎవరు చూస్తారు? మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, చూడనివ్వనిది నేనే.

కరోనా వచ్చిన ఏడాది మా తమ్ముడు సుధాకర్ ఊళ్ళో తన ప్రాణం తానే తీసుకున్నాడు. మాది నిర్మల్ వైపు చిన్న పల్లె. ఆ వారంలో వాడు నాకు రెండుసార్లు ఫోన్ చేసి "అన్నా, జర నీతోని మాట్లాడాలె" అన్నాడు. నేను ఇక్కడ గల్ఫ్‌లో, ఈ సజ్జాలో కాంక్రీటు దిమ్మెలు పోసే యార్డులో రాడ్లు కడుతున్నాను, నెత్తిన ఎండ, పక్కన ఫోర్‌మన్ యల్లా యల్లా, తొందరగా కానీ అని అరుస్తున్నాడు, "డ్యూటీల ఉన్నరా, ఖలాస్ అయినంక చేస్త" అన్నాను. డ్యూటీ ఖలాస్ అయింది, తిన్నాను, పడుకున్నాను, చేయలేదు. మూడో రోజు మా ఆవిడ సువార్త ఫోన్ చేసి ఏడ్చింది. విమానాలు లేవు. తమ్ముణ్ణి సమాధి చేయడం నా మంచం మీద కూర్చుని ఫోన్‌లో చూశాను, మధ్యలో సిగ్నల్ పోయింది, మళ్ళీ వచ్చేసరికి మట్టి కప్పేశారు.

అప్పటినుంచి నాలో ఏదో ఆగిపోయింది. అన్నం గడ్డిలా ఉండేది, నిద్ర పట్టేది కాదు, పట్టినా లేవాలనిపించేది కాదు. ప్రార్థన చేద్దామని మోకరిస్తే నోట మాట వచ్చేది కాదు. ఒక్క ఆలోచనే పగలంతా తిరిగేది, నా తమ్ముణ్ణి నేనే చంపాను, నేను లేకపోతే అందరికీ బాగుంటుంది అని. ఇది అబద్ధమని ఇప్పుడు తెలుసు సహోదరులారా, అప్పుడు మాత్రం సూర్యుడు తూర్పున ఉదయించినంత నిజంగా కనిపించింది!

ఇక్కడ ప్రార్థన చీటీలు రాసేవాళ్ళం కదా, అందరూ రాసినట్టే నేనూ రాశాను. ఏం రాశానో తెలుసా? "తలనొప్పి" అని రాశాను! సంఘపెద్దలు నా తలమీద చేతులుంచి తలనొప్పి కోసం కన్నీటితో ప్రార్థించారు, వచ్చేవారం తగ్గిందా అని అడిగారు, తగ్గింది, దేవునికి స్తోత్రం అన్నాను. దేవుని మందిరంలో నిలబడి ఇంత పచ్చి అబద్ధం చెప్పాను. విశ్వాసిని కదా, డోలక్ వాయించేవాణ్ణి కదా, చావాలని ఉంది అంటే నలుగురూ ఏమనుకుంటారు? కంపెనీకి తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారేమో అనే భయం మరోపక్క.

అలా ఏడాది దాటింది. ఒక వారం నేను నిర్ణయానికి వచ్చేశాను. ఎలా అన్నది చెప్పను, దానివల్ల ఎవరికీ మేలు లేదు. నా వస్తువులు వృథా కాకూడదని గదిలోవాళ్ళకు పంచిపెట్టడం మొదలుపెట్టాను. అన్నం వండుకునే కుక్కర్ ఒకరికి, బకెట్ ఒకరికి, మెత్తని దుప్పటి పక్కమంచం రాజన్నకు. ఇక్కడే చూడండి నా దేవుడు ఎంత గొప్పవాడో! కంపెనీ లేబర్ క్యాంపులో ఉన్నవాళ్ళకు తెలుసు, బకెట్టూ దుప్పటీ ఎవడైనా పంచాడంటే దానికి ఒకటే అర్థం, వాడు పూర్తిగా ఇంటికి పోతున్నాడు. అందుకని మా గదిలో వాళ్ళందరూ సంబరపడి నన్ను కౌగలించుకున్నారు. అంతటితో ఆగారా? ఊరికి పోయేవాడి చేతికి పార్శిల్ ఇవ్వకపోతే మనవాళ్ళకు నిద్ర పట్టదు కదా! సాయంత్రానికల్లా నా మంచం మీద ఏడు పార్శిళ్ళు చేరాయి. ఖర్జూరాలు, పాలపొడి, సబ్బులు, సెంటు సీసాలు, గుడ్డలో కుట్టి, టేపు చుట్టి, పైన మార్కర్‌తో ఊరి పేరూ మనిషి పేరూ రాసి. రాజన్న వాళ్ళమ్మకు మోకాలి పట్టీ కొన్నాడు. దాన్ని నా చేతిలో పెట్టి, "గిది మా అవ్వకియ్యే అన్నా, నీ చేతుల్తోటే తొడిగి సూపియ్యి, ఆమెకు తెల్వది" అన్నాడు.

నేను కాదనలేకపోయాను. నేను పోవడం లేదని చెబితే మరి వస్తువులెందుకు పంచావు అంటారు. అందుకని ఏడూ తీసుకుని మంచం కింద పెట్టుకున్నాను. పడుకుంటే వీపు కింద ఏడు ఇళ్ళు ఉన్నట్టే ఉంది! నేను లేకపోతే ఎవరికీ ఏమీ కాదనుకున్నవాడికి, ఆ ముసలమ్మ మోకాలు ఎవరు చూస్తారు అనే దిగులు పట్టుకుంది. నవ్వొస్తుంది కదూ? అప్పుడు మాత్రం ఆ పార్శిళ్ళ మీద నాకు కోపం వచ్చింది.

మర్నాడు సెలవు. ఉదయం బయట కుళాయి దగ్గర నిలబడి ఉంటే ఖాదర్ భాయ్ వచ్చాడు. కడప జిల్లా మనిషి, మా కంపెనీ బస్సు డ్రైవరు. మమ్మల్ని యార్డుకు తీసుకెళ్ళేదీ, ఊరికి పోయేవాళ్ళను ఎయిర్‌పోర్టులో దించేదీ ఆయనే.

"ఏమప్పా దానం, ఊరికి పోతాండావంట?"

అవునన్నాను.

"ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ళ కాగితం నాకాడే ఉంది. దాంట్లో నీ పేరు లేదే?"

టాక్సీలో పోతానన్నాను. ఆయన తల ఊపాడు, వెళ్ళలేదు. "పాపకు ఏం కొన్నావు?" అన్నాడు. నా కూతురు కృపకు అప్పుడు ఆరేళ్ళు. ఏడిళ్ళ సామాను నా మంచం కింద ఉంది గానీ నా బిడ్డకు ఒక చాక్లెట్ కూడా కొనలేదు. అప్పుడాయన నా కళ్ళలోకి చూసి, టీ తాగుతావా అని అడిగినంత మామూలుగా అడిగాడు. "కోపం చేసుకోగాకు అప్పా. సచ్చిపోవాలనుకుంటాండావా?"

ఆ మాట అప్పటిదాకా నా లోపల తప్ప బయట ఎక్కడా వినలేదు! అడిగితే ఆ ఆలోచన ఇంకా పెరుగుతుందని అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం గొంతు మీదినుంచి కాలు తీసేసినట్టయింది. కుళాయి దగ్గరే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన వద్దనలేదు, పాపం అనలేదు, ఉపదేశం చెప్పలేదు. పక్కన కూర్చుని, "మా చిన్నాయన కొడుకు గూడా ఇట్లే అన్నీ పంచిపెట్టినాడప్పా. ఎంత మంచి మనసో అనుకున్యాం. ఎవురమూ అడగలే" అన్నాడు.

ఆ రోజంతా నన్ను ఒక్కణ్ణి వదల్లేదు. క్యాంపువాళ్ళను బజారుకు తిప్పే డ్యూటీ ఆయనది, నన్ను తన వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పాడు. తన నమాజు వేళకు బస్సు ఆపి, "నేను చదువుకుని వస్తా, నువ్వు నీ దేవునితో మాట్లాడుకో, ఈడ్నే కనపడేట్టు కూర్చో" అన్నాడు. ఆ ఖాళీ బస్సులో ఏడాది తర్వాత నాకు ప్రార్థన వచ్చింది. "ప్రభువా, తలనొప్పి కాదు. నాకు బతకాలని లేదు. ఆ సంగతి నీకు తెలుసని తెలుసు, అయినా నా నోటితో చెబుతున్నాను. నేను మోయలేకపోతున్నాను యేసయ్యా, ఎవరికైనా చెప్పే ధైర్యం ఇయ్యి." ఇంతే. మెరుపులు రాలేదు, స్వరం వినపడలేదు. కానీ బస్సు దిగకముందే సువార్తకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆమె ఏడ్చింది, తర్వాత ఒకే మాట అన్నది. "నువ్వు చెప్పినవ్, గదే సాలు."

ఆ సాయంత్రమే ఖాదర్ భాయ్ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి మలయాళీ నర్సమ్మ డాక్టరు మాటను హిందీలో చెప్పింది, "భాయ్, యే బీమారీ హై, గునాహ్ నహీ." ఇది జబ్బు, పాపం కాదు! ఆ మాట కోసం నేను ఎన్ని ప్రసంగాలు విన్నానో, చివరికి ఆసుపత్రి కుర్చీలో దొరికింది. మాత్రలు ఇచ్చారు, వారం వారం రమ్మన్నారు, తమ్ముడి గురించి మాట్లాడించారు. ఒక్క ఫోన్ చేయనందువల్ల మనిషి చనిపోడని, దాని వెనక ఎన్నో ఉంటాయని నెమ్మదిగా అర్థమైంది. మన సంఘంలోనే ఒకాయన, పేరు చెప్పను, మాత్రలు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని వాక్యం చదివే మనిషి నా మాత్రల గురించి మాట్లాడొచ్చా? ఆయన్ని క్షమించాను, కానీ మాత్రలు మానలేదు! కళ్ళజోడు ఇచ్చిన దేవుడే డాక్టరునూ ఇచ్చాడు.

గదిలోవాళ్ళకు నిజం చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. రాజన్న ఆ దుప్పటి తెచ్చి నా మంచం మీద పరిచి, "పక్కమంచం మీదనే పంటున్న గదనే, నేనేం సూసినట్టు?" అని ఏడ్చాడు. పార్శిళ్ళు తిరిగి ఇవ్వబోతే ఎవరూ తీసుకోలేదు. "ఎప్పుడు పోతే గప్పుడే తీస్కపో" అన్నారు. నాలుగు నెలలకు సెలవు దొరికింది, ఆ రోజు ఖాదర్ భాయ్ కాగితంలో నా పేరు ఉంది. ఏడిళ్ళకూ నేనే వెళ్ళాను, రాజన్న తల్లి మోకాలికి నా చేతులతో పట్టీ తొడిగాను. ప్రతి ఇంట్లో కూర్చుని నా సంగతి దాచకుండా చెప్పాను, చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు తలుపు దగ్గరగా వేసి తమ సంగతి చెప్పారు! మా అమ్మ ఏడాదిన్నర తర్వాత సుధాకర్ పేరు నోట పలికింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఆశా కార్యకర్త, సంఘంలోని ఇద్దరు అక్కలు, ఒక ట్రాక్టర్ డ్రైవరు కలిసి తిరుగుతారు. ఎవరైనా పొలానికి రావడం మానేసినా, మాట తగ్గించినా, ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటారు, నేరుగా అడుగుతారు, అవసరమైతే తమ బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఇక్కడ సజ్జాలో రాజన్న, ఖాదర్ భాయ్, నేను సెలవురోజు గదిగదికీ వెళ్తాం. ఒక హిందువు, ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు, ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక ఫ్లాస్కు టీ!

పూర్తిగా నయమైందా అంటారా? మీ దగ్గర మళ్ళీ అబద్ధం చెప్పను. పోయిన నెలలో రెండు రోజులు ఆ చీకటి తిరిగి వచ్చింది. ఈసారి మొదటి రోజే రాజన్నతో చెప్పాను, డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మోకరించి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. అది పోయింది, నేను ఉన్నాను. ఇదే నా విడుదల. దేవునికే మహిమ!

ఈ హాల్లో ఇప్పుడు కూడా ఒకరున్నారు. పాట పాడారు, చప్పట్లు కొట్టారు, పక్కవాళ్ళకు నవ్వుతూ వందనాలు చెప్పారు, లోపల మాత్రం లెక్క ముగించుకుని కూర్చున్నారు. మీరెవరో నాకు తెలియదు, ప్రభువుకు తెలుసు. ఆయనను నమ్మండి, నమ్మడానికి బలం లేకపోతే ఆ సంగతే ఆయనకు చెప్పండి, ఆ తర్వాత ఒక మనిషికి చెప్పండి. ఆరాధన అయ్యాక నేను చెప్పుల స్టాండు దగ్గర నిలబడతాను. అందరూ వెళ్ళేదాకా ఉంటాను. మాటలు రాకపోతే ఫర్వాలేదు, వచ్చి నా పక్కన నిలబడండి. అడగాల్సిన మాట నేనే అడుగుతాను.