నాన్న చప్పిడి మజ్జిగ

మొన్న మా కోడలు సరుకులతోపాటు ఏదో కొత్తరకం ఉప్పు ప్యాకెట్టు తెచ్చింది. గుండెకు మంచిదట, మామూలు ఉప్పుకంటే ఖరీదట. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే నేను పెరిగిన భిలాయి గుర్తొచ్చింది. మా నాన్న చేత ఉప్పు మాన్పించడానికి మా అమ్మ పడ్డ పాట్లు కళ్లారా చూసినదాన్ని, నవ్వు రాక ఏం చేస్తుంది!

ఉక్కు కర్మాగారం కాలనీల్లో పెరిగిన మనవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మా నాన్నలా ఇనుము కరిగించే ఫర్నేస్ దగ్గర పనిచేసేవాళ్లకు చెమటతోపాటు ఒంట్లో ఉప్పు కూడా పోతుందని, ఎండాకాలం డ్యూటీలో ఉప్పు కలిపిన నీళ్లు తాగించేవారు. శ్రీకాకుళం వైపునుంచి కాపురానికొచ్చిన మా అమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పప్పులో ఉప్పెక్కువ, మజ్జిగలో మరీ ఎక్కువ, పక్కన ఆవకాయ, వారానికోసారి ఎండుచేపల వేపుడు. చుట్టాలు రెండు ముద్దలు తిని మంచినీళ్ల చెంబు కోసం వెతుక్కునేవారు. ఆవిడకు మాత్రం నాన్నమీద ప్రేమంటే అదే.

తొంభైల్లో, నేను బడిలో టీచరుగా చేరిన కొత్తలో, నాన్నకు ప్రమోషనొచ్చి కంట్రోల్ రూంకి మారారు. అద్దాల గది, ఏసీ, కూర్చునే పని. సైకిలు పోయి స్కూటరొచ్చింది. అంతా సంబరపడ్డాం. ఆయన జీవితంలో అన్నీ మారాయి కానీ కంచం మారలేదని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒక సాయంత్రం కూరగాయల సంచితో క్వార్టరు మెట్లెక్కుతూ ఆయన మధ్యలోనే కూలబడ్డారు. ఛాతీ బిగబట్టినట్టుందన్నారు. ఊళ్లో మా పెదనాన్న అలాగే గుండె పట్టుకుని అరుగుమీద కూర్చుని మళ్లీ లేవలేదు. ఆ కంగారులో నాకు చెప్పులు కూడా దొరకలేదు. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, బీపీ బాగా పెరిగిపోయిందనీ, అదృష్టంకొద్దీ గుండె ఇంకా దెబ్బతినలేదనీ, ఉప్పూ, ఆయన నమిలే ఖైనీ పొగాకూ మాని రోజూ నడవకపోతే మాత్రం ఎల్లకాలం ఇలా ఉండదనీ డాక్టరుగారు చెప్పారు.

ఖైనీ డబ్బా ఆ రోజే అవతల పారేశారు. ఉప్పు దగ్గరే మొండికేశారు. అమ్మ చప్పగా వండితే కంచం తోసేసి, లేచి వెళ్లి ఆవకాయ జాడీ తానే తెచ్చుకునేవారు. "ఫర్నేసు మనిషికి సప్పిడి కూడేటి? నానేటి రోగిష్టోడినా?" అనేవారు. నాకు ఆలోచించగా తెలిసిందేమిటంటే, ఆయన బాధ రుచి గురించి కాదు. ఉప్పు మానేస్తే తాను ఇక ఆ నిప్పుల దగ్గర మనిషిని కాదని ఒప్పుకున్నట్టే కదా. వయసంతా అక్కడే ధారపోసిన మనిషికి అది చిన్న విషయం కాదు.

అమ్మ చాలా రోజులు బతిమాలింది, అలిగింది, ఏడ్చింది కూడా. ఆఖరికి ఒక ఆదివారం ఉతకబోయే చొక్కా పట్టుకొచ్చి, భోజనానికి కూర్చున్న ఆయన ముందు పరిచింది. ఫర్నేస్ రోజుల్లో ఆయన చొక్కా వీపంతా చెమట ఆరి తెల్లటి ఉప్పుచారలు కట్టి ఉండేది, ఎంత ఉతికినా ఒక పట్టాన వదిలేది కాదు.

"సూడండి, ఒక్క ఉప్పుసార నేదు. ఒంట్లోది బయటికి పోనప్పుడు, నాను లోపలికెందుకెయ్యాలండి?" అంది.

నాన్న ఆ చొక్కాను వీపువైపు తిప్పి చూశారు. అమ్మ పోసిన చప్పిడి మజ్జిగ, ముఖం వికారంగా పెట్టి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగారు. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

ఇక ఆ వీధి వీధంతా మా నాన్న గుండెకు కాపలా కాసింది. పొద్దున్నే అమ్మా నాన్నా నడకకు బయల్దేరితే, ఏనాడూ ఆయన పక్కన నడవని అమ్మ సిగ్గుతో కొంగు సర్దుకుంటుంటే, గేట్ల దగ్గరనుంచి అందరూ ఆటపట్టించేవారు. ఎవరింట్లో ఆవకాయ కలిపినా మాకు గిన్నె పంపే అలవాటు ఎవరూ చెప్పకుండానే ఆగిపోయింది. ఎదురింటి ఛత్తీస్‌గఢీ దీదీ తన పెరట్లో కాసిన సొరకాయలు పంపుతూ, "భయ్యా కో నమక్ మత్ దేనా" అని, అన్నయ్యకు ఉప్పు పెట్టొద్దని గోడమీంచి కేకేసేది.

కొన్నాళ్లకు మళ్లీ చూపిస్తే బీపీ దిగిందన్నారు. అమ్మ ఆసుపత్రి బెంచీమీదే కూర్చుండిపోయింది. ఆ పూట మా గుండెలమీంచి దిగిన బరువు ఇంతా అంతా కాదు. ఆ తర్వాత నాన్న రిటైరయ్యారు, నా పెళ్లి చేశారు, నా పిల్లల్ని వీపున మోశారు, నిండుగా బతికి వెళ్లారు.

ఇప్పుడు మేముండేది పెద్ద అపార్టుమెంటు. కింద జిమ్ముంది, అందరి చేతులకూ అడుగులు లెక్కపెట్టే గడియారాలున్నాయి. నిరుడు మా పక్క ఫ్లాటాయన గుండెపోటుతో పోయారు. ఆయనకు బీపీ ఉందన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది.