సావిత్రమ్మ డాక్టరు చూడమన్నది

గాజువాక ఆటోనగర్‌లో మా వర్క్‌షాపులో నీళ్ళ టిన్ను తిరగేసినప్పుడల్లా గుడగుడమని చప్పుడొస్తుంది. కుర్రాళ్ళు పట్టించుకోరు. నాకు మాత్రం చేతిలో పని ఆగిపోతుంది. మా అమ్మాయి లహరికి ఏడేళ్ళప్పుడు తెల్లారుజామున, నిద్రలో, గొంతులోంచి అచ్చం అలాగే వచ్చేది. మూతి ఒక పక్కకి లాగేసి, చొంగ కారుతూ, చెంప అదిరేది. కాసేపటికి దానంతట అదే ఆగేది. ఆ కాసేపట్లో మా పైప్రాణాలు పైనే పోయేవి.

మాది తణుకు వైపు. మా ఆవిడ పద్మది సబ్బవరం. మొదటిసారి వచ్చినప్పుడు పద్మ బీరువా తాళాల గుత్తి తెచ్చి పిల్ల గుప్పిట్లో కుక్కింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని పిల్లని అదిమి పట్టుకున్నాను. "పోయిందే పద్మా, పిల్ల పోయింది" అని నేను, "నా తల్లి నన్నొగ్గేసి ఎలిపోతంది" అని తను, ఒకటే ఏడుపు. పక్కింటివాళ్ళు గాలి సోకిందంటే తాయెత్తు కట్టించాం. మళ్ళీ వచ్చింది. ఇక పొద్దు వాలితే చాలు, నాకు గుండె దడ. పిల్ల కూడా పడుకోనని మొండికేసేది. పీడకలలేమో అనుకున్నాం.

ఎవరో చెబితే గాజువాకలో సావిత్రమ్మ గారి దగ్గరికి వెళ్ళాం. పిల్లల నరాల డాక్టరు. బట్టల కొట్టు మీద మేడలో చిన్న క్లినిక్. ఎంత చదివినా ఆవిడ మాటలో శ్రీకాకుళం యాస పోలేదు. నా గోడంతా విని, "ముందు ఏ పక్కకి లాగింది బాబూ?" అన్నారు. తెలియదన్నాను.

"కళ్ళు తెరిసుందా?"

అదీ తెలియదు.

"పక్కనే ఉండి ఏటి సూసినారు మరి? ఈసారి అదిమి పట్టుకోకండి. నోట్లో ఏటీ పెట్టకండి. ఒత్తిగిల్లబెట్టి ఫోన్‌లో తియ్యండి. అయిదు నిమిషాలు దాటితే మటుకు ఆస్పత్రికి పరిగెత్తండి."

నాకు ఒళ్ళు మండింది. కన్నబిడ్డ అల్లాడుతుంటే ఫోటోలు తీస్తూ కూర్చోమంటుందా ఈవిడ అని మెట్లు దిగినంతసేపూ పద్మ దగ్గర సణిగాను.

వారం తిరక్కుండానే వచ్చింది. పద్మ పిల్లని పక్కకి తిప్పింది. నేను ఫోన్ పట్టుకున్నాను. పిల్ల ముఖం తెరమీద నిలవడం లేదు. అయినా మొదటిసారి కళ్ళారా చూశాను. లాగింది కుడి చెంప. కళ్ళు తెరిచే ఉన్నాయి. లహరి నావైపే చూస్తోంది.

డాక్టరుగారు ఆ వీడియో రెండుసార్లు చూసి, ఫోన్ పక్కన పెట్టి, నాతో కాకుండా పిల్లతో మాట్లాడారు.

"అలా వొచ్చినప్పుడు నీకు మాటలు ఇనపడతాయా అమ్మా?"

లహరి తలూపింది.

"ఏటి ఇనపడతాది?"

పిల్ల తల దించుకుంది. "నేను పోయానని నాన్న అంటాడు. పోలేదని చెబుదామంటే నోరు రాదు."

అది రోజూ పడుకోనని ఏడ్చిందెందుకో అప్పుడు తెలిసింది. పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సావిత్రమ్మ గారు నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఇది నిద్రలో వొచ్చే మూర్ఛ. కొందరు పిల్లలకి తెలివుంటాది, మాట రాదు. పరీక్ష సేద్దాం. మందుంది. సానామందికి ఎదిగేకొద్దీ పోతాది. ఈలోగా వొస్తే పిల్లతో నిమ్మళంగా మాటాడండి. మీ భయం నాకాడికొచ్చి సెప్పుకోండి" అన్నారు.

పరీక్షకి పిల్ల నిద్రపోవాలి. అందుకని ముందురోజు రాత్రి సరిగా నిద్రపోనివ్వకుండా తీసుకెళ్ళాం. తలకి వైర్లు అంటించాక కళ్ళు మూతలు పడుతున్నా లహరి పడుకోదు. ఆవిడే వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. "మీ నాన్న ఏటీ అనడు. నాను కాపలా ఉంటాను" అన్నారు. బయట రోగులు గొణుగుతున్నా, పిల్లకి నిద్ర పట్టేదాకా ఆవిడ లేవలేదు.

ఆవిడ ఇప్పుడు లేరు. లహరి ఇంటర్ చదువుతోంది. ఆవిడే కొద్దికొద్దిగా తగ్గిస్తూ మందులు మాన్పించి చాలాకాలమైంది. నా భయం మాత్రం మానలేదు. పిల్ల కాస్త ఎక్కువసేపు పడుకుంటే ఇప్పటికీ వెళ్ళి చూసొస్తాను. అలా చూసినప్పుడల్లా ఒక ఉదయం గుర్తొస్తుంది.

మందు మొదలుపెట్టిన కొత్తలో ఇంకొకసారి వచ్చింది. పిల్ల కళ్ళలోకి చూస్తూ, "నేనే, నాన్నని. ఇక్కడే ఉన్నాను. మూతి కొంచెం లాగుతోందంతే. నువ్వు బాగానే ఉన్నావు తల్లీ" అంటూనే ఉన్నాను. లోపల నేను సగం చచ్చాను. ఆగాక, మాట కూడదీసుకుని లహరి అడిగింది.

"నేనున్నానా నాన్నా?"

"ఉన్నావమ్మా."

సరే అని, అటు తిరిగి నిద్రపోయింది.