సగంలో వదిలిన నాడె

నేను పెనుకొండలో ఉంటాను, ఉద్యోగం హిందూపురంలో. మా కంపెనీ చేమగ్గాల మీద పెట్టే కంప్యూటర్ జకార్డులు అమ్ముతుంది. చీర అంచులో ఏ వరసకు ఏ పోగులు లేవాలో అది చూసుకుంటుంది, నేత మాత్రం మనిషి చేతులదే. డిజైన్లు రాయడానికి మాకు సొంతంగా ఒక చిన్న స్క్రిప్టు భాష ఉంది. దాన్ని చదివి నడిపే ప్రోగ్రాము, ఇంటర్‌ప్రెటర్, నా పని.

కరెంటు పోగానే యూపీఎస్ నుంచి సిగ్నల్ వస్తుంది. ఇంటర్‌ప్రెటర్ ఏ పనిలో ఉన్నా ఆగి, ముందు ఆ సిగ్నల్ సంగతి చూడాలి. అక్కడికక్కడే మెమరీ అడిగి, నేసిన వరస నంబరు ఫైల్లో రాసేయాలని మా యజమాని పట్టుబట్టాడు. వద్దని మొత్తుకున్నాను. మెమరీ ఇచ్చే చోట తాళం ఉంటుంది, ఒకరు తీసుకుంటుంటే ఇంకొకరు చెయ్యి పెట్టకుండా. ఇంటర్‌ప్రెటర్ తాళం వేసుకొని మెమరీ తీసుకుంటున్నప్పుడే సిగ్నల్ వస్తే, తన తాళం కోసం తానే ఎదురుచూస్తూ బిగుసుకుపోతుంది. అందుకే సిగ్నల్ రాగానే ఒక గుర్తు మాత్రం పెట్టుకొని, చేతిలో పని ముగించి, ఆ తర్వాతే రాయాలన్నాను.

"కరెంటు పోతాంటే నిదానంగా పని ముగించుకుంటా కూచుంటాదా? నీ చదువు ఈడ వద్దులేప్పా," అన్నాడు.

ఆయన చెప్పినట్టే పెట్టాక, ధర్మవరంలో ఒక అక్క మగ్గం మీద నేను భయపడ్డదే జరిగింది. కరెంటు పోయింది. అక్కడి నేతవాళ్ల అలవాటు ప్రకారం ఆమె అడ్డపోగును మోసే నాడెను మధ్యలో వదలకుండా అవతలి అంచు దాకా పంపి, పోగు కొట్టి లేచింది. కంప్యూటరేమో బిగుసుకుపోయి, బ్యాటరీ అయిపోగానే ఆరిపోయింది. కరెంటు వచ్చాక ఎప్పటిదో పాత వరస నుంచి మొదలుపెట్టింది. అంచులో నెమలికి రెండు మెడలు వచ్చాయి. విప్పబోతే పట్టు నూగు లేచింది. పెళ్లిచీర పాడైంది.

మా యజమాని ఆ మగ్గాల షావుకారుకు ఫోన్ చేశాడు. "కరెంటు పోయినంక ఆయమ్మ ఒక పోగు నేసిందంట కదా. లెక్క ఆడే తప్పింది," అన్నాడు. ఎదురుగా నిలబడి, ఒక్క పోగుకు రెండో మెడ రాదన్నాను. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నన్ను బయటికి పొమ్మన్నాడు. షావుకారు ఆమె మగ్గం ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకొన్ని ఊళ్లలోనూ మిషన్లు బిగుసుకుపోయాక నేను చెప్పిన పద్ధతికే కొత్త వెర్షన్ అని పేరు పెట్టి, యజమాని నన్నే ధర్మవరం పంపాడు, సిగ్గయినా లేకుండా. మెయిన్ స్విచ్ దించి చూశాం. ఇంటర్‌ప్రెటర్ గుర్తు పెట్టుకుంది, చేతిలో పని ముగించింది, వరస రాసుకొని ఆగింది. అక్క మగ్గం మీద కూర్చున్న కొత్తాయన మాత్రం నాడెను సగంలో వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. కరెంటు పోతే పోగు ముగించొద్దని షావుకారు ఆర్డరట.

తప్పు మా ప్రోగ్రాముదని, అక్కది కాదని షావుకారుకు చెప్పాను.

"మగ్గం ఇచ్చేసినాము కదప్పా. ఇంగ తప్పు ఎవురిదైతే ఏముండాది," అన్నాడు.

అక్క పక్కవీధిలో వేరేవాళ్ల దగ్గర, నాడెలో పెట్టే దారపు కండెలు చుడుతోంది. పోయి అదే మాట ఆమెకూ చెప్పాను. చేతిలోని కండె నిండేదాకా తలెత్తలేదు. దాన్ని తీసి బుట్టలో వేసి, అప్పుడు అడిగింది.

"నా మగ్గం మీద ఇప్పుడెవురు కూచోనుండారప్పా?"