కరెంటు గ్రౌండ్ అంపైరు

ఆ శుక్రవారం పొద్దున టీ హోటల్ ఆయన మా గుమ్మం ముందుకొచ్చి, చెప్పులు విప్పి నిలబడ్డాడు. చేతిలో మా మామ కళ్ళజోడు ఉంది. "గ్రౌండ్ కాడ కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు చెల్లె. చాయ తాగుమంటె పలుకలే. ఎట్లైనా ఇనవడది గదా అని నేను సుత ఊకున్న. దగ్గరికి పోయి చూస్తె పానం లేదు" అన్నాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నేను లోపలికెళ్ళి మంట తగ్గించి, మూత సరిచేసి, అప్పుడు బయటికొచ్చాను. ముందు ఆ పని ఎందుకు చేశానో తెలియదు. కర్మకాండలన్నీ అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, నాకు ఏడుపు మాత్రం ఇంకా రాలేదు. ఏదో ఒకటి చేయాలి కదా అని రాస్తున్నాను.

మామ మా అమ్మకు అన్న. కరీంనగర్ వైపు నుంచి అందరికంటే ముందు బొంబాయి పక్కన భివండికి వచ్చినవాడు. చిన్నప్పుడే నన్ను తెచ్చి పెంచుకుని, తర్వాత తన కొడుక్కే చేసుకున్నాడు. కాబట్టి పుట్టింటి మామా ఆయనే, అత్తింటి మామా ఆయనే. మరమగ్గాలను మేం సాంచెలంటాం. మేముండే పద్మనగర్ పేటలో సాంచె మొరాయిస్తే పిలిచే మేస్త్రి ఆయన. కనుబొమ్మల మీద ఎప్పుడూ దూది నూగు ఉండేది. తుడుచుకోమంటే, "రేపు మళ్ల పడదా?" అనేవాడు.

మీలో ఎవరైనా ఆ రోజుల్లో ఠాణే, కళ్యాణ్ చుట్టుపక్కల టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడి ఉంటే మా కరెంటు గ్రౌండ్ పేరు వినే ఉంటారు. పద్మనగర్ వెనక ఒకప్పుడు మురికినీళ్ళు నిలిచే పల్లం అది. నూలుకు గంజి పట్టించే సైజింగ్ మిల్లు నుంచి బాయిలర్ బూడిద తెచ్చి అందులో పోస్తూ పోయారు. ఏళ్ళ తరబడి పోయగా పోయగా అది గట్టిపడి మైదానమైంది. గడ్డి అన్న మాటే లేదు. జారిపడితే చెక్కుకుపోయిన మోకాలు నల్లగా ఉండేది. ఎన్నిసార్లు కడిగినా ఆ నలుపు పోయేది కాదు. చిందీలు, అంటే గుడ్డపీలికలు, ముడివేసి పరిస్తే అదే బౌండరీ. ఒక వైపు సైజింగ్ ఎండ్, ఇంకో వైపు గుడి ఎండ్. బొంబాయి పెద్ద గ్రౌండ్లలో ఎండ్‌లకు పేర్లున్నప్పుడు మావాటికి ఎందుకుండకూడదని మా వాళ్ళ వాదన. శుక్రవారం కరెంటు బంద్, సాంచెలు బంద్, కాబట్టి ఆట. కరెంటు వచ్చిందా, ఆట అక్కడితో సరి. బౌలింగ్ చేస్తున్నవాడు కూడా బంతి అక్కడ పడేసి కార్ఖానాకు పరిగెత్తేవాడు. అట్లా ఎన్ని మ్యాచ్‌లు సగంలో ఆగిపోయాయో ఆ బూడిదకే తెలియాలి.

అట్లాంటి బూడిద నేలకు పేరొచ్చింది మాత్రం మా మామ వల్ల. అక్కడ అంపైరు ఆయనే. చొక్కా జేబులో ఆరు ఇనుప నట్లు వేసుకుని, బంతికొకటి చొప్పున ఇంకో జేబులోకి మార్చేవాడు. కళ్ళజోడు పెట్టుకుంటే చూపు బాగానే ఉండేది. చెవులే సాంచెల మోతలో ఎప్పుడో పోయాయి. అంపైరుకు చెవులు లేకపోతే ఒక్కచోట చిక్కు. బంతి బ్యాటు అంచుకు తాకి వెనక కీపర్ చేతుల్లో పడితే ఆ చిన్న చప్పుడు ఆయనకు వినిపించదు. అందుకని సూటిగా బ్యాట్స్‌మన్‌నే అడిగేవాడు. "తాకిందా బిడ్డా?" తాకిందని తలూపితే వేలు పైకెత్తేవాడు, తాకలేదంటే ఆట సాగేది. వాడి మాటే తీర్పు. బయటి జట్లు మొదట నవ్వేవి. ఒకసారి కళ్యాణ్ కెప్టెన్ ఒకడు, "చాచా, బ్యాట్స్‌మన్ ఝూట్ బోలేగా తో?" అన్నాడు, అబద్ధం చెబితే ఏం చేస్తావని. మామకు పక్కనున్నవాళ్ళు చెవిలో అరిచి చెప్పారు. ఆయన చాలా మామూలుగా, "క్యూ బోలేగా? ఔటైతే ఇంటికి పోయి బువ్వ తింటడు, గంతే గదా" అని సగం హిందీలో, సగం తెలుగులో జవాబిచ్చాడు. ఆ రోజు ఆ కెప్టెనే అంచు తాకి, అడగకముందే బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి వచ్చిన ప్రతి జట్టుకూ ఈ రూలు ముందే చెప్పేవారు. అదో గొప్పగా కూడా చెప్పుకునేవారు.

ఇక బావ సంగతి. బావంటే మామ కొడుకు, ఇప్పుడు మా ఆయన. మా పెళ్ళికి ముందు సంగతిది. పక్క పేట నార్పోలి జట్టుతో ఫైనల్, చివరి ఓవర్లు. నేను మా కార్ఖానా రేకుల కప్పు మీద కూర్చుని చూస్తున్నాను. సాంచెలన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. బావ బ్యాటు ఊపాడు. టిక్కుమంది. రేకుల మీద ఉన్న నాకే వినిపించింది, గ్రౌండ్‌లో ఉన్నవాళ్ళకు వినిపించదా? కీపర్ బంతి పట్టుకుని గంతేశాడు. మామ ఎప్పట్లాగే అడిగాడు, "తాకిందా బిడ్డా?"

"తాకలే" అని తల అడ్డంగా ఊపాడు బావ.

నార్పోలి వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రూలంటే రూలే కాబట్టి ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. మా జట్టు వాళ్ళు నేల చూపులు చూశారు. మేమే గెలిచాం. సాయంత్రం మామ టీ హోటల్ ముందు ఆ కప్పు చంకన పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు. "కప్పుదేముంది, దుకాన్ల దొరుకుతది. మా గ్రౌండ్ల ఇప్పటిదాంక ఎవ్వలు అబద్ధమాడలే. అది ఎక్కడన్న దొరుకుతదా?" నార్పోలి కెప్టెన్ అక్కడే చాయ తాగుతున్నాడు. ఆయన కూడా అవునని తలూపాడు. అంత మర్యాద ఎందుకు చూపాడో అనిపిస్తుంది నాకు, ఒక్కమాట తిట్టినా బాగుండేది.

బావ మళ్ళీ ఆడలేదు. మోకాలు నొప్పి అన్నాడు. పెళ్ళయ్యాక ఒకసారి, ఎందుకట్లా అన్నావని అడిగాను. "నోట్లకెళ్లి అచ్చింది, నాకే తెల్వది" అన్నాడు. అంతకంటే కారణమేమీ లేదు.

చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాడు. కానీ మామకు ఏదైనా చెప్పాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. అరిస్తే మా ఇళ్ళ వరుస, చాల్ మొత్తం వింటుంది. మా ఇంట్లో ఉప్పు అయిపోయిన సంగతి కూడా నాలుగిళ్ళకు తెలిసేది. అయినా ఒక శుక్రవారం ధైర్యం చేసి పక్కన కూర్చుని, "బాపూ" అన్నాడు. మామ చెవి ఇటు తిప్పి, "ఏంది బిడ్డా?" అన్నాడు. బావ ఆయన ముఖం చూసి, "బువ్వ తిన్నవా?" అని అరిచాడు. మామ నవ్వి, "గిదడుగనీకె ఇంతసేపా?" అన్నాడు. నేను గిన్నెలు తోముతూ విన్నాను. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. మామేమో ప్రతి కొత్త జట్టుకూ అదే మాట చెప్పేవాడు, మా గ్రౌండ్‌లో అబద్ధం లేదని. ఆ మాట మొదలుపెట్టగానే బావ లేచి సిగరెట్టుకని వెళ్ళిపోయేవాడు. నాకు తెలిసి ఆయనకు సిగరెట్టు అలవాటే లేదు.

మామ పోయిన ఆ శుక్రవారం మ్యాచ్ జరగలేదు. మామను పాడె మీద పడుకోబెట్టి మధ్యాహ్నం బయలుదేరాం. మా వాళ్ళలో ఆడవాళ్ళం దింపుడు కళ్లం దాకా వెళ్తాం. శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకచోట దించి, ప్రాణం ఇంకా ఎక్కడైనా ఉందేమోనన్న ఆశతో, పోయినవాళ్ళ చెవిలో కొడుకు మూడుసార్లు పిలుస్తాడు. తర్వాత అందరూ ముఖం వంక చూస్తారు, కదిలిందేమోనని. పాడె మోసినవాళ్ళలో సగంమంది ఆనాటి జట్టువాళ్ళే. నార్పోలి నుంచి కూడా కొందరు వచ్చారు.

బావ నిప్పుకుండ పక్కన పెట్టి వంగాడు. "బాపూ" అని పిలిచాడు. రెండోసారి కూడా పిలిచాడు. మామూలుగా అందరూ చెవిలో మెల్లగా పిలుస్తారు. ఆయన మాత్రం ఇంట్లో అరిచినట్టే అరుస్తున్నాడు. మూడోసారి చెవికి ఇంకా దగ్గరగా వంగి, గొంతు చించుకుని అన్నాడు.

"బాపూ! తాకింది!"

తంతు చేయిస్తున్న పెద్దాయనకు అర్థం కాలేదు, "పేరు వెట్టి పిలువు బిడ్డా" అన్నాడు. మిగతావాళ్ళెవరూ ఏమిటని అడగలేదు. ఆనాటి నార్పోలి కెప్టెన్ తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆచారం ప్రకారం మేమంతా మామ ముఖం వంక చూస్తూ నిలబడ్డాం. బావ మాత్రం ఆయన ముఖం వంక చూడలేదు. మామ వేలెత్తే చేతుల వైపే చూస్తున్నాడు. ఆ రెండు చేతుల బొటనవేళ్ళూ కలిపి నూలుదారంతో కట్టి ఉన్నాయి.